ఎవరూ ఓడిపోకుండా చూడు తండ్రీ

మా అన్నయ్య ఒక దేశం ఓడిపోవాలని నలుగురి ముందూ నోరు తెరిచి అడిగింది జీవితంలో ఒక్కసారే. దానికి మా అయ్యగారు ఒప్పుకోలేదు. అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు. ఆయన ఆపేస్తే ఆ మనవి పైకి పంపడానికి మాకు వేరే లైను లేదు. మేము రైల్వే వాళ్ళం, లైను లేకుండా ఎక్కడికీ వెళ్ళం.

తాతని గుంటూరు జిల్లా నుంచి తీసుకొచ్చి రాయ్‌పూర్‌లో దింపింది రైల్వేనే. మళ్ళీ ఎక్కించడం మాత్రం మరిచిపోయింది. అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆసుపత్రిలో అందరికీ సిస్టరు, చర్చిలోనూ అందరికీ సిస్టరే. అమ్మా అని పిలిచే హక్కు మా ఇద్దరికే దక్కింది. నేను శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో కూడికలూ తీసివేతలూ చేసి జీతం తెచ్చుకుంటాను. అన్నయ్య ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ మాస్టరు. దేవుడు ఆస్తి పంచేటప్పుడు కాళ్ళు అన్నయ్యకీ, వేళ్ళు నాకూ రాశాడు. తలకాయ ఎవరి వాటాకి వచ్చిందో ఇంకా తేలలేదు.

అన్నయ్య దృష్టిలో ఫుట్‌బాల్ ఒక్కటే ఆట. మిగతావన్నీ కాలక్షేపాలు. స్కూలు వెనక ఒక గ్రౌండు ఉండేది. గ్రౌండంటే పచ్చగడ్డి ఊహించుకోకండి, అంతా ఎర్రమట్టే. సాయంత్రాలు అక్కడ ఆడపిల్లలకి ఆట నేర్పేవాడు. చాలామంది స్కూలు పిల్లలు కారు, పట్టాల అవతలి బస్తీ నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు ఛత్తీస్‌గఢీలో తిట్టుకుని, అన్నయ్యతో హిందీలో ఫిర్యాదు చేసేవాళ్ళు. అన్నయ్య తెలుగులో విసుక్కునేవాడు. మూడు భాషల్లో ఎవరికీ ఎవరి మాటా పూర్తిగా అందకపోయినా బంతి మాత్రం అందేది. సగంమంది బూట్లు లేకుండానే ఆడేవాళ్ళు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పుడూ ఆపలేదు. పీటీ సర్ పిల్లలు అంటే చాలు.

రెండువేల ఇరవై నాలుగు వేసవిలో స్కూలు మేనేజరుగారికి ఆ గ్రౌండు మీద కన్ను పడింది. అక్కడ క్రికెట్ నెట్లు వేసి, సాయంత్రం కోచింగు పెడదామన్నారు. క్రికెట్ అంటే తల్లిదండ్రులు వెతుక్కుంటూ వస్తారు, ఫుట్‌బాల్ అంటే వెతుక్కుంటూ వచ్చేది బంతి పోగొట్టుకున్నవాళ్ళే అన్నారు. అన్నయ్య బతిమాలాడు. ఆయన మంచి మనిషి. మంచి మనుషులకి కాదనడం చేతకాదు, అందుకని షరతులు పెడతారు. ఆయనా చాయ్ కప్పు పక్కన పెట్టి నవ్వుతూ ఒక షరతు పెట్టారు.

"సర్ జీ, ఆప్‌కీ టీమ్ తీస్రే రౌండ్ మే పహుంచ్ గయీ, తో గ్రౌండ్ ఆప్‌కా."

మన దేశం టీము మూడో రౌండుకి చేరితే గ్రౌండు నీదే అని. చేరకపోతే సంగతి ఆయనా చెప్పలేదు, అన్నయ్యా అడగలేదు. స్కూలు తెరిచేది జూన్ నడిమిలో. మ్యాచులు అయిపోయేదీ ఆ లోపే.

ఆ రాత్రి దేవేంద్ర నగర్‌లో అమ్మ ఇంట్లో భోజనాల దగ్గర అన్నయ్య మాకిదంతా విడమరిచి చెప్పాడు.

"చూడు, వరల్డ్ కప్పు ఉంది కదా. దానికి ఊరికే వెళ్ళరు. క్వాలిఫై అవ్వాలి."

"మనం అవుతామా?" అంది అమ్మ.

"వరల్డ్ కప్పుకా? అబ్బే."

"మరి?"

"మూడో రౌండుకి అవుతామేమో. అక్కడ మళ్ళీ ఆడి గెలిస్తే అప్పుడు కప్పు సంగతి."

"అంటే క్వాలిఫై అవ్వడానికి క్వాలిఫై అవ్వాలన్నమాట" అన్నాను నేను. అన్నయ్య నా వైపు చూసిన చూపుకి పప్పులో వేలు పెట్టి తల దించుకున్నాను.

అమ్మకి మాత్రం వెంటనే బోధపడింది. "ఐసీయూ నుంచి జనరల్ వార్డుకి మార్చడం లాంటిది. డిశ్చార్జి కాదు."

అంతకంటే బాగా నేను ఈ విషయం ఎక్కడా వినలేదు. మా గుంపులో నాలుగు దేశాలు: ఖతార్, కువైట్, అఫ్ఘానిస్తాన్, మనం. ఒక్కొక్కరితో రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి మన గడ్డ మీద, ఒకసారి వాళ్ళ గడ్డ మీద. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. చివరికి పైన ఉన్న ఇద్దరికీ మూడో రౌండు. ఖతార్ ఎప్పుడో పైకెళ్ళి కూర్చుంది. మిగిలిన ఒక్క కుర్చీకి ముగ్గురం. మొదట్లో కువైట్‌ని వాళ్ళ ఊళ్ళోనే ఓడించి మురిసిపోయాం. తర్వాత అఫ్ఘానిస్తాన్ చేతిలో మన ఊళ్ళోనే ఓడి ఆ మురిపెం తిరిగి ఇచ్చేశాం. ఇక రెండు మ్యాచులే మిగిలాయి. గురువారం కలకత్తాలో కువైట్‌తో, ఆ తర్వాతి మంగళవారం దోహాలో ఖతార్‌తో.

"కువైట్‌ని గెలిస్తే చాలావరకూ ఒడ్డున పడ్డట్టే" అన్నాడు అన్నయ్య. "ఖతార్‌ని దాని సొంత ఊళ్ళో గెలవడం మన వల్ల కాదు. మత్లబ్, అంటే అంతా గురువారం మీదే."

"మనం చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడిగాను. అడగాల్సింది కాదు. ఏమీ లేదని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కలకత్తాలో పదకొండుమంది పరిగెడతారు, రాయ్‌పూర్‌లో ఒక ఎర్రమట్టి గ్రౌండు దానికోసం ఊపిరి బిగబట్టి ఉంటుంది. మధ్యలో మేము కూలర్‌లో నీళ్ళు పోసుకుంటూ కూర్చోవాలి.

"శనివారం కూటం ఉంది కదా, మనవి పెట్టు" అంది అమ్మ.

మా తెలుగు కుటుంబాలు కొన్ని శనివారం సాయంత్రం వంతులవారీగా ఒక్కో ఇంట్లో చేరి ప్రార్థన చేసుకుంటాం. పాట, వాక్యం, ఆ తర్వాత మనవులు. ఎవరికి ఏ కష్టం ఉంటే అది చెప్పుకోవాలి. ఎవరి మనవికి వాళ్ళు ప్రార్థన చేయకూడదు. అయ్యగారు ఒక్కో మనవిని ఒక్కొక్కరికి అప్పగిస్తారు, వాళ్ళు పైకి ప్రార్థిస్తారు, మిగతావాళ్ళం చివర ఆమెన్ అంటాం. ఇది మా దగ్గర పాత పద్ధతి. ఒకరి బరువు మరొకరు మోయాలని దాని అర్థం. బరువు ఇచ్చినవాడికి మోసేవాడిని ఎంచుకునే వీలుండదు.

ఆ శనివారం కూటం అమ్మ ఇంట్లోనే. మోకాళ్ళ నొప్పులూ, బ్యాంకు పరీక్షలూ, పెళ్ళి సంబంధాలూ అయ్యాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, గురువారం కువైట్ ఓడిపోవాలండీ."

గోడ పక్క కుర్చీలో మేము కువైట్ పిన్ని అని పిలిచే పిన్ని కూర్చుని ఉంది. భర్త రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో చేసి పోయాడు. ఉన్న ఒక్క కూతురు కువైట్‌లో నర్సు. ఆ కూతురు పంపేదే పిన్నికి తిండీ, మందూ, గర్వమూ. అన్నయ్యకి అప్పుడు గుర్తొచ్చింది కానీ మాట అప్పటికే గీత దాటేసింది.

"కువైట్‌కి ఏమైందిరా?" అంది పిన్ని బెదిరిపోయి. "మా పిల్ల నిన్న కూడా ఫోను చేసిందే!"

"ఏమీ కాలేదు పిన్నీ. ఫుట్‌బాల్‌లో."

"ఫుట్‌బాల్‌లో అయితే మాత్రం? ఆ దేశం ఉప్పు తింటున్నాం కదా నాన్నా."

అయ్యగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. "బాబూ, గెలుపు అడగొచ్చు. ఇంకొకరి ఓటమి అడగకూడదు."

"సరేనండీ. ఇండియా గెలవాలి."

"రెండూ ఒకటే కదరా!" అంది పిన్ని.

కూడికలూ తీసివేతలూ చేసేవాణ్ణి కాబట్టి రెండూ ఒకటేనని నాకూ అనిపించింది. అన్నయ్య గ్రౌండు సంగతంతా చెప్పాడు. పిల్లల సంగతీ, మేనేజరుగారి షరతూ. మధ్యలో ఒకచోట ఆగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. అయ్యగారు తగాదా పెరక్కుండా ఇద్దరినీ కలపాలని అనుకున్నారేమో, ఎంతో ప్రేమగా ఒక నిర్ణయం చేశారు.

"ఈ మనవికి అక్కగారు ప్రార్థన చేస్తారు" అని పిన్నిని చూపించారు.

పిన్ని ప్రార్థనంటే మా కూటంలో అందరికీ గురి. ఆవిడ అడిగితే వస్తుందని పేరు. ఒకసారి ఆగిపోయిన ఎవరి ప్రమోషనో తిరిగి కదిలింది, ఒకసారి ఎవరికో కిడ్నీలో రాయి తనంతట తను పడిపోయింది. పిన్ని చీర కొంగు తలమీదికి లాక్కుంది, కళ్ళు మూసుకుంది. ఒకవైపు గ్రౌండు, ఒకవైపు కూతురు. మధ్యలో ఆవిడ పెదవులు.

"తండ్రీ, వీళ్ళూ నీ బిడ్డలే, వాళ్ళూ నీ బిడ్డలే. గురువారం ఎవరూ ఓడిపోకుండా చూడు తండ్రీ..."

నేను కళ్ళు తెరిచాను. ఎదురుగా అన్నయ్య అప్పటికే తెరిచి ఉన్నాడు. ఎవరూ ఓడకపోవడమంటే డ్రా. డ్రా అంటే ఒక్క పాయింటు. ఒక్క పాయింటుతో మన పని మంగళవారం ఖతార్ చేతిలో పడుతుంది. అన్నయ్య నోరు తెరిచాడు, మూశాడు. ప్రార్థన మధ్యలో అడ్డుపడటం మా ఇళ్ళలో ఎరగం. ప్రార్థిస్తున్న మనిషి వాక్యం తప్పు చెప్పినా సరే, దేవుడే దిద్దుకోవాలి. పిన్ని ముగించింది. గదంతా హాయిగా, బరువు దిగినట్టు "ఆమెన్" అంది. అన్నయ్య కూడా అన్నాడు. వేరే దారి లేదు.

టీ తాగేటప్పుడు నన్ను వంటింట్లోకి లాగి, "ఒరేయ్, ఇప్పుడు ఎలా?" అన్నాడు.

"ఎలా ఏముంది? నువ్వు ఆమెన్ కూడా అన్నావు."

"అనకపోతే బాగుండదు కదరా!"

గురువారం సాయంత్రం మ్యాచి సున్నా-సున్నా. మన కెప్టెన్‌కి అది ఆఖరి ఆట. స్టేడియం అంతా ఏడుస్తోంది. గోలు లేదు గానీ గోల మాత్రం కలకత్తా నుంచి దేవేంద్ర నగర్ దాకా వినిపించింది. మ్యాచి అయిన వెంటనే పిన్ని ఫోను. అమ్మ స్పీకరు పెట్టింది.

"సిస్టరమ్మా, విన్నావా? ఎవరూ ఓడలేదంట! మా పిల్ల చెప్పింది. స్తోత్రం!"

"స్తోత్రం" అంది అమ్మ. అన్నయ్య గోడకి తల ఆనించి కూర్చున్నాడు.

"పెద్దబ్బాయి సంతోషంగా ఉన్నాడా?"

అమ్మ ముప్ఫై అయిదేళ్ళు రోగుల బంధువులతో మాట్లాడిన మనిషి. "ప్రస్తుతానికి నిలకడగా ఉన్నాడు" అంది.

మర్నాడు అసలు సంగతి పిన్నికి ఎవరో చెప్పేశారు. తర్వాతి శనివారం కూటానికి వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో నాన్నా, డ్రా అంటే మంచిదనుకున్నానురా. ఎవరికీ బాధ ఉండదనుకున్నాను. ఇదేం లెక్క, ఓడనివాడికి కూడా నష్టమా?"

"ఇది అదే లెక్క పిన్నీ" అన్నాడు అన్నయ్య. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఈసారి అయ్యగారు ముందుగానే విషయం తెలుసుకోవాలనుకున్నారు. కాబట్టి నేను లెక్క చెప్పాను. నా చదువు ఇంటికి ఉపయోగపడ్డ అరుదైన సందర్భాల్లో అది ఒకటి. మంగళవారం దోహాలో ఇండియా-ఖతార్, అదే రాత్రి కువైట్‌లో కువైట్-అఫ్ఘానిస్తాన్. మనం గెలిస్తే ఇంకెవరితోనూ పనిలేదు, కుర్చీ మనదే. మనం ఓడితే ఇంటికే. మనది డ్రా అయితే, అక్కడా డ్రా కావాలి.

అయ్యగారు ఆసక్తిగా ముందుకి వంగారు. "అంటే ఆ రెండో దారిలో నలుగురిలో ఎవరూ ఓడరు?"

"ఎవరూ ఓడరండీ."

"అది ఎంత శాంతిగా ఉంది!"

"వద్దండీ!" అన్నాడు అన్నయ్య లేచి. "దండం పెడతాను. ఈసారి సూటిగా గెలుపే అడగండి."

సూటిగానే అడిగారు, అయ్యగారు స్వయంగా. పిన్నిని ఏదైనా ఒక మాట చెప్పమంటే తల అడ్డంగా ఊపింది. "నా నోటికి తాళం వేసుకున్నాను. నేను ఏదడిగినా ఎవరికో తగులుతోంది" అని, రాత్రంతా వాన కోసం ఎదురుచూసిన మనిషిలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మంగళవారం భోజనాలు పెందలాడే కానిచ్చాం. పిన్నీ వచ్చింది. తన ఇంట్లో కూలర్ పాడైందని చెప్పింది గానీ, కూలర్ పాడైనవాళ్ళు వేయించిన శనగలు పొట్లం కట్టుకుని రారు. వచ్చి టీవీకి వీపు పెట్టి కూర్చుంది.

"అదేంటి పిన్నీ, ఇటు తిరుగు."

"నేను చూడనురా. నేను చూస్తే ఏదో ఒకటవుతుంది. మీ ముఖాలు చూస్తాను, చాలు."

అలా ఆ మ్యాచి పిన్ని మా ముఖాల్లో చూసింది. మనవాళ్ళు మొదటి సగంలోనే ఒక గోలు కొట్టారు. మా ముగ్గురి ముఖాలూ ఒకేసారి వెలగడం చూసి, "వచ్చిందా? వచ్చిందా?" అని శనగలు కిందపోసింది. అన్నయ్య అరవలేదు. లేచి నిలబడ్డాడంతే. మళ్ళీ కూర్చోలేదు. ఫోనులో కువైట్ స్కోరు చూస్తూ ఉండటం నా డ్యూటీ. అక్కడ సున్నా-సున్నా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంత సరిగ్గా ఉండటం మాకు అలవాటు లేదు. అమ్మ కూడా ఊరికే కూర్చోలేక అన్నయ్య నాడి పట్టుకుని చూసింది.

రెండో సగంలో చాలాసేపు అలాగే నిలబడ్డాం, గ్రౌండూ మేమూ. అన్నయ్య గుసగుసగా ఏదో చెప్పుకుంటున్నాడు. వింటే, స్కూలు తెరిచాక మొదటి సోమవారం పిల్లలకి ఏ డ్రిల్లు చేయించాలో వరస.

అప్పుడు మన గోలు ముందు ఒక గందరగోళం జరిగింది. బంతి మన గోల్‌కీపరు కాళ్ళ దగ్గర నుంచి జారి, గోలు పక్కనున్న గీత దాటి బయటికి పోయింది. అన్నయ్య చెయ్యెత్తి "అవుట్" అన్నాడు, స్కూలు గ్రౌండులో అన్నట్టే. కానీ అక్కడ ఒకతను బయటికెళ్ళిన బంతిని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకతను గోల్లోకి కొట్టాడు, రిఫరీ గోలిచ్చేశాడు.

"అవుట్! అవుట్ కదా అది! ఒరేయ్, నువ్వు చూశావు కదా!"

"చూశాను" అన్నాను. నేను చూసినందువల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

"ఏమైందిరా? మీ ముఖాలేంటి అలా అయ్యాయి?" పిన్ని ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూస్తోంది.

"బంతి గీత దాటింది పిన్నీ. దాటాక ఇక ఆట ఉండదు. వాళ్ళు లోపలికి లాగి కొట్టారు."

"మరి ఎవరూ చెప్పరా?"

"మనవాళ్ళు చెబుతున్నారు. ఆయన వినడం లేదు."

"మళ్ళీ వీడియో చూసి..."

"ఈ మ్యాచులకి ఆ ఏర్పాటు లేదు."

టీవీలో మాత్రం మళ్ళీ మళ్ళీ చూపించారు. ఇటునుంచీ అటునుంచీ, దగ్గర నుంచీ, నెమ్మదిగానూ. ప్రతిసారీ బంతి బయటికి వెళ్ళింది. ప్రతిసారీ గోలయింది. ఇక్కడ అమ్మకీ, టీవీకి వీపు పెట్టి కూర్చున్న పిన్నికీ కూడా తెలిసిన విషయం, అక్కడ పక్కనే నిలబడ్డవాళ్ళకి తెలియలేదు. చేతిలో రిమోటు ఉంది. దాంతో గొంతు పెంచొచ్చు, తగ్గించొచ్చు.

ఒకటి-ఒకటి. నేను ఫోను చూశాను. "అన్నయ్యా, అక్కడ ఇంకా సున్నా-సున్నానే. రెండూ ఇలాగే అయిపోతే మనమే వెళ్తాం."

అన్నయ్య ఒక్క క్షణం నన్ను చూసి, గబుక్కున పిన్ని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పిన్నీ, ఇప్పుడు అడుగు. ఆ రోజు అడిగావే, అదే. ఎవరూ ఓడిపోకుండా."

"ఇప్పుడు డ్రా మంచిదా?"

"ఇప్పుడు మంచిది!"

"నువ్వు నిజంగానే అంటున్నావా, నన్ను ఓదార్చడానికా?"

"పిన్నీ, టైము లేదు!"

పిన్ని కొంగు తలమీదికి లాక్కుంది. కూతురి దేశం ఆ డ్రాతో ఇంటికి పోతుందని నేను చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదు. చెప్పక్కర్లేదు. కళ్ళు మూసుకునే ముందు పిన్ని నా చేతిలో ఫోను వైపు ఒకసారి చూసింది, ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది. "తండ్రీ, ఎవరూ ఓడిపోకుండా చూడు. ఇక్కడా, అక్కడా. ఎవరూ ఓడిపోకుండా..."

ఏది ముందో ఏది తర్వాతో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. అక్కడ కువైట్ ఒక గోలు కొట్టింది. ఇక్కడ ఖతార్ ఇంకోటి కొట్టింది. పిన్ని మాత్రం కళ్ళు తెరవకుండా అడుగుతూనే ఉంది. ఆవిడని ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు. మ్యాచి అయిపోయింది, టీవీలో ప్రకటనలు వచ్చాయి, ప్రార్థన ఇంకా నడుస్తోంది. చివరికి అమ్మే వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "చాలు చెల్లెమ్మా, అయిపోయింది."

పిన్ని కళ్ళు తెరిచి మా ముఖాలు చూసింది.

గురువారం మేనేజరుగారు అన్నయ్యని పిలిపించారు. అన్నయ్య నన్నూ తోడు రమ్మన్నాడు. పీటీ మాస్టరుకి తోడుగా వెళ్ళడం నాకు అదే మొదలు. చిన్నప్పుడు పీటీ పీరియడ్‌లో నాకే ఎవరో ఒకరు తోడు కావాల్సి వచ్చేది. మేనేజరుగారు ఎంతో బాధగా ఉన్నారు. నటన కాదు.

"సర్, బంతి బయటికి వెళ్ళింది" అన్నాడు అన్నయ్య హిందీలో.

"హాఁ సర్ జీ, మైనే భీ దేఖా." నేనూ చూశాను అన్నారు. చూసినవాళ్ళ సంఘంలో ఇంకొకరు చేరారు. "కానీ ఇక్కడ నేనేం చేయను చెప్పండి. రిజల్టు రిజల్టే కదా."

చాయ్ తెప్పించారు. అన్నయ్య ఉద్యోగానికి ఏ ఢోకా లేదనీ, నెట్ల దగ్గర క్రమశిక్షణ చూసుకోవాలనీ, క్రికెట్ తెలియకపోయినా ఫర్వాలేదనీ చెప్పారు. బస్తీ పిల్లల మాట అన్నయ్య ఎత్తబోతే, క్రికెట్ కిట్టు తెచ్చుకుంటే ఎవరైనా రావచ్చు, మా గేటు అందరికీ తెరిచే ఉంటుంది అన్నారు. చాయ్ బాగుంది. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

శనివారం కూటం అన్నయ్య ఇంట్లో. పాట అయ్యింది, వాక్యం అయ్యింది. అయ్యగారు అడిగారు, "ఎవరైనా కృతజ్ఞతలు చెప్పేవాళ్ళు ఉన్నారా?"

పిన్ని నేల చూపులు చూస్తోంది. వాళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో ఆ రాత్రి నర్సులందరికీ మిఠాయి పంచారని అమ్మకి తెలుసు, అమ్మ ద్వారా మాకూ తెలుసు. కువైట్ మూడో రౌండుకి వెళ్ళింది కదా.

"పిన్నీ, చెప్పు. నీ దగ్గర ఉంది కదా" అన్నాడు అన్నయ్య.

"నోరుముయ్యరా. ఈ ఇంట్లో కూర్చుని ఎలా చెప్పనూ?"

"చెప్పు పిన్నీ. మనలో ఒకరిదైనా గట్టెక్కింది."

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది, తన నేరం ఏదో ఒప్పుకుంటున్నట్టు. కువైట్ క్వాలిఫై అయినందుకు రాయ్‌పూర్‌లో ఒక తెలుగు ఇంట్లో మేమందరం స్తోత్రం చెప్పాం. అన్నయ్య గొంతు అందరికంటే పైకి వినిపించింది. తర్వాత మనవుల వేళ వచ్చింది. అయ్యగారు అన్నయ్య వైపు తిరిగారు.

"నువ్వేం అడుగుతావు బాబూ?"

"ఏం అడగాలో తెలియడం లేదండీ."

ప్రతిదానికీ ఏదో ఒక నిర్ణయం చెప్పే అయ్యగారు కూడా చెయ్యెత్తి, ఏమీ చెప్పకుండానే దించేశారు. "అయితే కాసేపు ఊరికే కూర్చుందాం" అన్నారు. కూర్చున్నాం.

సోమవారం నెట్లు వేసేవాళ్ళు వస్తున్నారని కబురు. ఆదివారం సాయంత్రం అన్నయ్య గడ్డపార తీసుకుని గ్రౌండుకి వెళ్ళాడు. ఆ గోలు పోస్టులు స్కూలువి కావు. ఇనప గొట్టాలు వెల్డింగ్ చేయించి అన్నయ్యే పాతాడు. వాటిని ఆ పనివాళ్ళు కోసి పారేస్తారని భయం. ఒక పోస్టు చుట్టూ తవ్వేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. రెండోదాని గొట్టం ఏ వైపు పట్టుకోవాలో తెలియక దాన్ని అన్నయ్య కాలి మీదే దింపాను.

అప్పుడు పిల్లలు వచ్చారు. సెలవులైపోతున్నాయి, ప్రాక్టీసు మొదలని వచ్చారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. గోతులు చూసి వరసగా ఆగిపోయారు. అన్నయ్య విషయమంతా చెప్పాడు. బంతి బయటికి వెళ్ళిన ముక్క కూడా. ఆ ముక్క దగ్గర అందరూ ఒకేసారి అరిచారు, వాళ్ళూ చూశారట.

"మళ్ళీ ఎప్పుడు సర్, ఈ క్వాలిఫై?"

"నాలుగేళ్ళకి."

అడిగిన పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకోబోయి మధ్యలో ఆపేసింది. పక్కనున్న పిల్ల "అప్పటికి నీకు పెళ్ళయిపోతుంది లే" అంది ఛత్తీస్‌గఢీలో. ఇద్దరూ కొట్టుకున్నారు. మిగతావాళ్ళు నవ్వారు. అన్నయ్యా నవ్వబోయాడు.

తర్వాత అందరూ కలిసి మిగతా పోస్టులూ పెకలించి, రెండు గోలు ఫ్రేములనీ భుజాలకెత్తారు. ముందు ఒక గుంపు, వెనక ఒక గుంపు. "ఎక్కడికి సర్?" అని అడిగితే, "ముందు ఎత్తండి" అన్నాడు అన్నయ్య. నేనూ ఒక మూల భుజం ఆనించాను, నా వల్ల బరువు తగ్గిందో పెరిగిందో చెప్పలేను. వాచ్‌మన్ రెండు తలుపులూ బార్లా తెరిచాడు. రోడ్డు మీదికి వచ్చాం. అమ్మ ఇంటి డాబా వీటికి సరిపోదు, అన్నయ్య ఇల్లు రెండో అంతస్తు, చర్చి ఆవరణలో కార్లు పెడతారు. పట్టాల అవతల ఖాళీ స్థలం ఏదో ఉందంటున్నారు పిల్లలు, అది ఎవరిదో వాళ్ళకీ తెలీదు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"కుడికా, ఎడమకా సర్?" అంది ముందున్న పిల్ల.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. భుజాలు నొప్పెడుతున్నాయి, కాసేపు దించమంటారా అని వెనక నుంచి ఎవరో అడిగారు.